నీళ్లు తాగిన పూసలు

పెద్దతనం వచ్చేకొద్దీ కోపం చల్లారతాదని చెప్పినోళ్లెవరో గానీ, వాళ్లకు కోపం తెప్పించే పని ఏదీ జీవితంలో జరిగి ఉండదు. నాకు అరవై దాటి చానా దినాలైంది. పంతులమ్మ ఉద్యోగం అయిపాయ, మోకాళ్లు అయిపాయ, నాలుగు పుస్తకాలు రాస్తి, కోపం మాత్రం పొయ్యిలో కప్పెట్టిన నిప్పు మాదిరి అట్లే ఉండాది. పోయిన నెల ఒక పాప మా ఇంటికి వచ్చింది. పేరు మేఘన. బెంగళూరులో పూసల హారాలు చేసి ఫోన్లోనే అమ్ముతాదంట. అనంతపురం ఎండకు మొగం కందిపోయి, చెప్పులతోనే గడప దాటబోయి, నా చూపు చూసి విప్పి వచ్చింది. "ఆంటీ, మీది బెళుగుప్ప పక్కన మా అవ్వవాళ్ల ఊరేనంట కదా! మీ పుస్తకం చదివి మా అమ్మ చెప్పింది" అనింది. ఎవరింటి పాపవని అడిగినాను. "పెద్దింటోళ్లం ఆంటీ. సుభద్రమ్మ మనమరాలిని" అనింది. కుర్చీ చూపించబోయిన నా చెయ్యి అట్లే ఆగిపాయ. అయినా కూచోమంటిని. ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడే అలవాటు మాకు లేదు, అది వాళ్లింటి అలవాటు.

నడిమింట్లో మంచం మీద మా నాయన పండుకోనుండాడు. తొంభైకి దగ్గరబడినాడు. చూపు పోయింది గానీ పాము చెవులు. పాప ఒక డబ్బా తీసి, అందులో నుంచి మూడు దండలు నా ముందర పెట్టింది. ఓపల్ పూసలంట. ఇథియోపియా దేశంలో కొండలు తవ్వి తీస్తారంట, జైపూర్‌లో కోసి, సాన పట్టి, బెజ్జం వేస్తారంట. శుక్రుడి రాయంట, వజ్రం కొనలేనోళ్లకు జ్యోతిష్కులు ఇదే కట్టుకోమంటారంట. ఉరుములు ఉరిమినప్పుడు మెరుపుతో పాటు ఆకాశం నుంచి రాలిపడిన రాయని అరబ్బులు చెప్పుకునేవాళ్లంట. ఇంకో దేశంలో దీన్ని పెట్టుకుంటే కీడు అంటారంట. పాఠం అప్పజెప్పినట్టు గడగడ చెప్పుకుంటా పోయింది. చివర్న మెత్తని గుడ్డలో చుట్టిన పాతదండ ఒకటి విప్పింది. "ఇవి మా అవ్వవి. వీటి మీద ఊరి భాషలో నాలుగు ముక్కలు రాసియ్యండి ఆంటీ, కార్డు మీద వేసుకుంటా" అనింది. నేను దండను చూసినాను. పాలల్లో నిప్పురవ్వలు వేసినట్టు, ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క పచ్చగా మెరస్తాండాయి. నేను ఆ పూసలను కడసారి చూసినప్పుడు వాటికి ఒక్క రంగు కూడా లేదు.

మా అమ్మ పేరు హుసేనమ్మ. పూసల హుసేనమ్మ అంటే చుట్టుపక్కల నాలుగూర్లలో తెలియనోళ్లు లేరు. నాయన దూదేకేవాడు, భుజాన విల్లు తగిలించుకోని పరుపులూ బొంతలూ కుడతా ఊర్లు తిరిగేవాడు. అమ్మ పొద్దున్నే సంగటి కెలికి, ఊరిబిండి నూరి, నాయనను సాగనంపి, వాకిట్లో గోనెపట్ట పరుచుకోని కూచునేది. కుడికాలు చాపి, బొటనవేలికి దారం కట్టి, దాన్ని బిర్రుగా లాగిపట్టుకోని మైనం రుద్దేది. కొస గట్టిపడినాక సూదితో పనే లేదు, దారమే సూది. ఎండకు మెత్తబడిన మైనం వాసన, పాతదారాలకు పట్టిన పసుపు వాసన, చెమట వాసన, ఆముదం వాసన, ఇవన్నీ కలిసిందే మా ఇంటి వాసన. పాతదండను ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ఇది చేన్లో వంగి పనిచేసే మనిషిది, ఇది నీడపట్టున కూచునే మనిషిది అని చెప్పేది. నల్లపూసలు తెగినాయని ఎవరూ అనకూడదు, పెరిగినాయనాల. అట్ల పెరిగిన పూసలను కొంగున మూట గట్టుకోని హిందువుల ఇండ్ల నుంచి వచ్చేవాళ్లు, మావోళ్ల ఇండ్ల నుంచి పెండ్లిలో కట్టే లచ్చా పూసలు తెచ్చేవాళ్లు. అమ్మకు అందరి మెడలూ ఒకటే.

ఒక పద్ధతి మాత్రం ఎవరికోసరమూ మార్చేది కాదు. పాతపూసలు ఏవి వచ్చినా ముందు వాటికి స్నానం. కంచుగిన్నెలో నీళ్లు పోసి, చిటికెడు పసుపు కలిపి, పొద్దున వేస్తే పొద్దు వాలినాక తీసేది. "ఒక మెడ కష్టం ఇంకో మెడకు పోగూడదు మే" అనేది నాతో. మా జేజి దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. గాజుపూసకైనా, పగడానికైనా, బంగారు గుండుకైనా అదే నీళ్లు, అదే పసుపు. ఎప్పుడూ ఏ పూసకూ ఏమీ కాలేదు. ఆ నీళ్లను పారబోయకుండా ములగచెట్టు మొదట్లో పోసేది, మా ఊర్లో చెంబెడు నీళ్లు ఒలకబోసినా పాపమే కాబట్టి.

సుభద్రమ్మ పెద్ద కూతురి పెండ్లి కుదిరింది. అమ్మను పిలిపిచ్చింది, నేనూ వెంట పోయినా. పిలిపిచ్చిన పని తనదే అయినా అమ్మను మెట్ల కిందనే నిలబెట్టింది. పైన తాను ఉయ్యాలబల్ల మీద ఊగుతా, తాళంచేతుల గుత్తి గలగలమనిపిస్తా, ఆ పూసల గొప్ప చెప్పింది. బళ్లారిలో ఒక దొరసాని తన దేశానికి పోతా పోతా వాళ్ల తాతకు అమ్మిందంట. మెరుపు పడిన చోట దొరికే రాయంట, మెరుపు లోపలే చిక్కుకోని ఉంటాదంట. "ఇట్లాటివి ఈ జిల్లాలోనే లేవు, తెలుసునా?" అనింది. తొలకరి పడితే వజ్రకరూరు చేన్లల్లో వజ్రాల కోసరం నేల చూసుకుంటా తిరిగే జనం మాది. రాయి అంటే చాలు, మావోళ్ల కండ్లు మారిపోతాయి. అమ్మ మాత్రం గొప్పంతా విని, దండ అందుకోని, "దారం నలిగిపోయింది తల్లీ, పట్టుదారం వేస్తా" అనింది. ఆమె ముందరే లెక్కపెట్టింది. నలభై రెండు.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ గిన్నె ముందర గొంతుకూచోని ఉండాది. నేనూ వంగి చూసినా. పసుపునీళ్ల అడుగున పూసలు కరిగిపోతాండే వడగండ్ల మాదిరి ఉండాయి. తెలుపు లేదు, ఎరుపు లేదు, పచ్చ లేదు, అడుగున ఉండే కంచు వాటిలో నుంచే కనపడతాండాది. అమ్మ ఒక్కొక్కటే తీసి కొంగుతో తుడిచింది, నోటితో ఊదింది, అరచేతుల్లో వేసి రుద్దింది. "వీటికి కండ్లు పోయినాయి మే" అనింది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. ఆమె చేసిన తప్పు ఏందంటే, అప్పటికప్పుడు లేచి ఆ పూసలను పెద్దింటికి తీసకపోయింది. వేరే ఆడది అయ్యుంటే దారం దొరకలేదనో, ఒళ్లు బాగలేదనో నాలుగువారాలు ఇంట్లోనే పెట్టుకోనుండేది. అట్ల పెట్టుకోనింటే మా బతుకు వేరేగా ఉండేది. నిజాయితీ అంటారే, దాని వల్ల ఎవరు బాగుపడినారో నాకు ఇంతవరకూ ఎవరూ చూపియ్యలేదు.

"ఇవేందే?" అనింది సుభద్రమ్మ.

"మీ పూసలే అమ్మా. నీళ్లలో వేస్తే రంగు పోయినాయి."

"రాయికి రంగు పోతాదంటనే? గుడ్డనా అది? నా పూసలు యాడ దాచినావో చెప్పు. గాజుపూసలు తెచ్చి నా మొగాన కొడతావా?"

"నలభై రెండూ ఉండాయి తల్లీ. బెజ్జాలు చూడండి, అవే బెజ్జాలు."

"అయితే ఏమైందో చెప్పు. పూసల పని నీదే కదా, నీకు తెలియకుండా యాడికి పోతాది రంగు?"

"నాకు తెలీదమ్మా" అనింది మా అమ్మ. ఆ ఒక్కమాట ఆమెను ముంచింది. వాసన చూసి మెడ చెప్పే మనిషి, పూస సంగతి తెలీదంటే ఎవరు నమ్ముతారు? సుభద్రమ్మ ఆ పూసలను దాఖలా కోసరమని గుడ్డలో కట్టి బీరువాలో పెట్టింది. బేస్తవారం పీర్ల చావిడికాడ ప్రమాణం చెయ్యాలని ఊరి పెద్దలు తీర్పు చెప్పిరి. మా పీర్ల ముందర అబద్ధం చెప్తే మా కండ్లే పోతాయని వాళ్లకు ఎంత నమ్మకమో! మామూలు దినాల్లో మా ఇంట్లో నీళ్లు తాగని మనుషులు.

తడిబట్టలతో ప్రమాణం చెయ్యాల. ఊరి బావికాడ బిందె నీళ్లు నెత్తిన పోసుకోని, అమ్మ చావిడి గడపకాడ నిలబడింది. ఊరంతా వచ్చింది. వాన కోసరం మొక్కుదాం రమ్మంటే రాని జనం దానికి వచ్చినారు. గడప మీద చెయ్యి పెట్టి చెప్పబోతే సుభద్రమ్మ ఒప్పుకోలేదు. "గడప ఏం పోగొట్టుకుంటాది? బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పమనండి" అనింది. అమ్మ నాయన వైపు చూసింది. నాయన నేల చూసినాడు. అప్పుడు నన్ను దగ్గరికి పిలిచి నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చేతి నీళ్లు నా మెడ మీదుగా వీపులోకి కారినాయి. "ఆ పూసల్లో ఒక్కటి నేను తీసింటే ఈ బిడ్డ నాకు దక్కకుండా పోనీ" అనింది. గొంతు వణకలేదు, వేళ్లు మాత్రం నా జుట్టును గట్టిగా పట్టుకున్నాయి. అది నాకొక్కదానికే తెలుసు.

నేను చావలేదు. ఇదో, ఇన్నేండ్లు బతికి కూచోనుండాను. కానీ నేను బతకడం ఎవరికీ సాక్ష్యం కాలేదు. ఆ ఏడు వానలు ఎగ్గొట్టినాయి. మా సీమలో వానలు ఎగ్గొట్టడం కొత్తా? అయినా చెనక్కాయ చెట్లు ఊడలు దిగకుండానే మాడిపోతే, బోరింగుకాడ ఆడోళ్లు అమ్మ వినేట్టుగానే అనుకునేవాళ్లు, "తడిబట్టలతో అబద్ధమాడింది, ఊరికి తడి లేకుండా చేసింది" అని. పెండ్లిలో పెండ్లికూతురి మెడలో రంగురంగుల పూసల దండ చూసినోళ్లు వచ్చి, పెద్దింటోళ్లు పాపం బళ్లారికి పోయి మళ్లా కొత్తవి తెచ్చుకున్నారంట అని అమ్మకు ఇంకో నాలుగు శాపాలు పెట్టినారు. పూసలు తెచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. పక్కూరోళ్లు కూడా మానుకున్నారు. అమ్మ మైనం ముద్దను ఉట్టిలో పెట్టి, చేన్లకు కూలికి పోయింది. బొటనవేలి మీద దారం కోసిన గీత మాత్రం పోలేదు. ఆమెకు కడపటి స్నానం చేయించినప్పుడు కూడా ఆ గీత చూసి ఏడిస్తిని.

నాయన ఆ సంగతి మీద ఇంట్లో ఒక్కమాట అనలేదు. అది మంచితనమని చానా దినాలు అనుకున్నా. ఒక మధ్యాన్నం కడుపునొప్పని బడి నుంచి ముందే వచ్చేసినా. అమ్మ కూలికి పోయింది. తలుపు ఓరగా వేసుండాది. సందులో నుంచి చూస్తే నాయన గడ్డపారతో పొయ్యిపక్క నేల తవ్వుతాండాడు. తవ్వి, చెయ్యి పెట్టి వెతికి, లేచి, రాగుల కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టినాడు. మళ్లా వచ్చి ఇంకొంచెం తవ్వినాడు. పరుపుల్లో దూది ఎక్కడ గట్టిపడిందో వేళ్లతోనే చెప్పే మనిషి, అదే వేళ్లతో పెండ్లాం దొంగతనం వెతికినాడు. దొరకలేదు. మన్ను కాలితో తోసి బయటికి పోయినాడు. నేను పక్కింటి గోడ చాటున నిలబడితిని.

సాయంత్రం అమ్మ వచ్చింది. పొయ్యిపక్క చూసింది. గడ్డపార కొసకు అంటిన తడిమన్ను చూసింది. నన్ను చూసింది. "ఎలుకలు తవ్వినట్టుండాయి" అనింది. అంతే. ఎర్రమన్ను తెచ్చి గుంత పూడ్చి, చేత్తో తట్టి, పేడతో అలికింది. తడి ఆరకముందే సంగటి దించి, ఆడనే పీట వేసి నాయనకు పెట్టింది. ఆయన తిన్నాడు. అడిగి ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు కూడా. ఊరోళ్లను నేను ఎప్పుడన్నా క్షమిస్తానేమో గానీ, ఆ రెండో ముద్దను నేను ఈ పొద్దుకీ క్షమించలేదు.

ఇవన్నీ తలకాయలో తిరుగుతాంటే ఆ పాప చెప్పుకుంటానే ఉండాది. "వీటికి ఒక తమాషా కథ ఉండాది ఆంటీ. మా అవ్వ చెప్పి చెప్పి నవ్వేది. ఊర్లో పూసలు గుచ్చే తిక్కదెవరో వీటిని తీసకపోయి నీళ్లలో నానబెట్టిందంట! ఈ జాతి రాళ్లు నీళ్లు తాగుతాయి. తాగితే రంగు పోతాది, ఆరితే మళ్లా వస్తాది. అప్పుడు ఎవరికీ తెలీదు కదా. మా అవ్వ బీరువాలో పెట్టి మూడువారాలకు తీస్తే, అన్నీ మెరిసిపోతాండాయంట. పెండ్లికి ఇవే వేసినారు" అని ఫోన్లో పాత ఫోటో చూపించి నవ్వింది.

మూడువారాలు. మా అమ్మ తడిబట్టల నీళ్లు నా వీపు మీద ఆరేలోపల ఆ పూసలు ఆరినాయి. సుభద్రమ్మ బీరువా తెరిచి చూసింది, తెలుసుకుంది, బీరువా మూసింది. అక్కడినుంచి మా ఇల్లు పిలిస్తే పలికేంత దూరం. ఒక్క కూత వేసుంటే చాలు. వెయ్యలేదు. బళ్లారి నుంచి కొత్తవి తెచ్చినారని ఊరు అనుకుంటాంటే అనుకోనిచ్చింది. తర్వాత బెంగళూరు పోయి, మనమరాళ్లను కూచోబెట్టుకోని, నవ్వుకునేదానికి ఒక కథ చేసుకుంది. వాళ్లింట్లో తమాషా, మా ఇంట్లో దొంగతనం, రెండూ అవే నలభై రెండు పూసలు.

కొత్తదండలతో పాటు చిన్న చీటీ ఒకటి ఉంటే తీసి చదివినా. నీళ్లు, నూనె, సెంటు తగలనీయొద్దు. ఒకవేళ తడిసి రంగు పోతే భయపడొద్దు, ఆరితే తిరిగి వస్తుంది. తెలుగులోనే, ముచ్చటైన అక్షరాలతో అచ్చు వేసినారు. ఇప్పుడు ప్రతి దండకూ ఒక చీటీ. ఎవరికీ ఏమీ కాకుండా ముందే జాగ్రత్తలు. ఈ కాలం మంచిదే, కాదనను. ఆ కాలంలో ఏదో బంగారం ఉన్నింది, మనుషుల్లో మంచి ఉన్నింది అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతాది. భయపడొద్దు అనే ఒక్కమాట మా అమ్మకు చెప్పే నాథుడు ఊరందరిలో లేకపాయ.

"ఇంకొకటి చూడండి ఆంటీ" అని పాప పాతదండను వెలుతురుకు పెట్టింది. "వీటికి లోపల లేత పసుపు ఛాయ ఉండాది. కొత్తవాటికి రాదు. పాతకాలం రాయి అని దీన్ని చూసే అడుగుతాండారు."

"అది రాయిది కాదు" అంటిని. "మా అమ్మ గిన్నెలో వేసిన పసుపు. ఆ తిక్కది మా అమ్మ."

అప్పుడు చెప్పినా, అంతా. చావిడి, తడిబట్టలు, నా తల మీద చెయ్యి. దాచిపెట్టేదానికి నాకేం పట్టింది? పాప మొగం తెల్లబోయింది. "సారీ ఆంటీ. ఆ భాగం మాకు ఎవరూ చెప్పలేదు" అనింది.

"చెప్పరు. నవ్వొచ్చే భాగమే చెప్తారు."

కొత్తదండ ఒకటి నా పక్కకు జరిపి, ఇది మీరు పెట్టుకోండి అనింది. "తీసి లోపల పెట్టుకో" అంటిని. కాగితం తీసి, ఆమె అడిగిన నాలుగు ముక్కలు రాసిచ్చినా. ఈ పూసలకు ఈ పసుపు ఛాయ ఇచ్చింది దూదేకుల హుసేనమ్మ, ఆమె దొంగ కాదు, ఈ పూసల యజమానికి ఆ సంగతి తెలుసు. పాప చదువుకోని, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. కార్డు మీద అచ్చు వేస్తుందని నాకు నమ్మకం లేదు. పాప మంచిదే కావచ్చు, కానీ వ్యాపారం కదా.

"మే, ఆ పాపను ఒకసారి ఈడికి రమ్మను" అని నడిమింట్లో నుంచి నాయన గొంతు వినపడింది. అంతా విన్నాడు. ఇద్దరం లోపలికి పోయినాం. పాప దండను ఆయన చేతిలో పెట్టింది. లేచి కూచోని, తస్బీ మాల తిప్పినట్టు ఒక్కొక్క పూసనే వేళ్ల మధ్య జరిపినాడు. పెదవులు కదులుతాండాయి. కడపటి పూసకాడ ఆగి, "నలభై రెండు" అనినాడు. "రంగుండాదా వీటికి?"

"ఉండాది నాయనా."

"అన్నింటికీ?"

"అన్నింటికీ ఉండాది."

దండ తిరిగిచ్చేసినాడు. పాప ఇద్దరికీ దండం పెట్టి పోయింది. నేను వాకిలి వేసి వచ్చేసరికి ఆయన అట్లే కూచోని, తెల్లబడిన కండ్లతో నేను ఉండే పక్కకే చూస్తాండాడు.

"అప్పుడు పొయ్యికాడ నేను తవ్వింది..." అని ఆగినాడు. నేను చూసినానని ఆయనకు ఎప్పటినుంచి తెలుసో నాకు తెలీదు. "మీ అమ్మకు తెలుసునా?"

లేదు నాయనా అంటే సరిపోయేది. ఎన్నాళ్లుంటాడో తెలియని ముసలిమనిషి, చూపు లేదు, అబద్ధం చెప్తే నన్ను ప్రమాణం చెయ్యమనేవాళ్లు ఎవరూ లేరు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మా ఇంట్లో నిజం చెప్పి చెడిపోయింది అమ్మ ఒక్కతే అయింది, ఇంకొకరు కూడా ఉండాల అనిపించింది.

"తెలుసు" అంటిని. "ఆ గుంత పూడ్చింది అమ్మనే. ఎలుకలు తవ్వినాయని నాకు చెప్పింది. ఆ అలుకు మీదనే నీకు సంగటి పెట్టింది."

నాయన మెల్లగా గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు. ఆ పూట సంగటి కలిపి తీసకపోతే వద్దన్నాడు. నేను రెండోసారి అడగలేదు.